తగిలించినవాడే తీయాలి

“ముట్టొద్దు! ఎవురూ ముట్టొద్దండప్పా!”

ప్రాణేశ్ రెండంగల్లో గోడ దగ్గరికి చేరి స్విచ్చి ఆపాడు. అది చాలదన్నట్టు ప్లగ్గు కూడా ఊడబెరికాడు. డబ్బు కడితేనే ఫైళ్ళు తెరుస్తామని కంప్యూటర్ తెర మీద వెలుగుతున్న ఎర్రటి బెదిరింపు టప్పున ఆరిపోయింది.

అప్పటికే ఆలస్యమైపోయింది. మూడొందల పద్దెనిమిది ఇళ్ళ పట్టా అర్జీలు, ఆ ఇళ్ళవాళ్ళ ఫోటోలు, వాళ్ళు బంగారు గనిలో పనిచేసిన నాటి నంబర్లు, ఇళ్ళ కొలతలు, అన్నిటి పేర్ల చివరా అర్థంకాని అక్షరాలు మొలిచాయి. ఒక్కటీ తెరుచుకోవడం లేదు. పక్కనే తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కులో కూడా అంతే.

నేత్రావతి కుర్చీలోంచి లేవలేదు. టైపు చేస్తున్నట్టే ఆమె వేళ్ళు కీబోర్డు మీద నిలిచి ఉన్నాయి. ఇరవై మూడేళ్ళ పిల్ల. ఆవని ఊరి పక్క పల్లె నుంచి రెండు బస్సులు మారి రోజూ పది గంటలకల్లా వస్తుంది. నాలుగు నెలలుగా ప్రాణేశ్ ఇంటి ముందుగదిలో కూర్చుని, గని కార్మికులుండే లైను ఇళ్ళవాళ్ళ సంఘం కోసం టైపు చేస్తున్నది.

“పెన్ డ్రైవ్ పెట్టింది ఎవురు?” అన్నాడు ప్రాణేశ్.

“నేనే సార్. ఫోటో స్టూడియోది. మీరే ఇప్పించుకోని రమ్మంటిరి గదా.”

“తెరిచింది?”

“నేనే సార్.”

సోఫా అంచున కూర్చున్న సంఘం అధ్యక్షుడు మునివెంకటప్ప దగ్గు ఆపుకుని లేచాడు. గనిలో డ్రిల్లింగ్ మిషను పట్టిన మనిషి. రాతి దుమ్ము ఇంకా ఊపిరితిత్తుల్లోనే ఉంది. “ఇంగేముండాది సార్ అడిగేదానికి! బుధవారం పొద్దున తాలూకాఫీసులో అర్జీలు ఇయ్యాల. మూడొందల ఇళ్ళోళ్ళు నా ఇంటి మీదికొస్తారు. ఏమ్మా, నీ పల్లెలో ఇండ్లు ఉండాయి గదా నీకు? మా ఇండ్లు పోతే నీకేమిలే!”

“అట్ల అనద్దు పెద్దాయనా,” అంది నేత్రావతి.

“ఎట్ల అనాల మరి?”

ప్రాణేశ్ సొరుగు లాగి ఒక ఎర్ర రేకు బిళ్ళ తీశాడు. దాని మీద తెల్లటి పుర్రె బొమ్మ, కింద ‘ప్రమాదం, ముట్టరాదు’ అన్న అక్షరాలు, ఆ కింద పేరు రాయడానికి ఒక ఖాళీ గీత. గని మూసి పదహారేళ్ళయినా ఎలక్ట్రికల్ ఫోర్మన్ తన బిళ్ళను వదల్లేదు. దాన్ని పురికొసతో ప్లగ్గుకు కట్టాడు. రెండు ముళ్ళు వేసి లాగి చూసుకున్నాడు.

లోపల మనిషి తీగ మీద పనిచేసేటప్పుడు పైన స్విచ్చికి ఆ బిళ్ళ తగిలించేవాళ్ళు. తగిలించినవాడే తీయాలి. మధ్యలో మేనేజరు దిగివచ్చినా సరే, వేరే చెయ్యి దాన్ని ముట్టకూడదు. ముడితే కిందివాడు బొగ్గవుతాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ప్రాణేశ్ బిళ్ళ కింద ఒక్క ప్రాణం పోలేదని లైన్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

బల్ల మీద ఒక కాగితం ఉంది. సంఘం లెటర్‌హెడ్ మీద నేత్రావతి తన కోసం తానే టైపు చేసుకున్న అనుభవ పత్రం. ప్రాణేశ్ సంతకం ఒక్కటే బాకీ. బుధవారం వేమగల్ ఫ్యాక్టరీలో దాన్ని చూపిస్తే కంప్యూటర్ గదిలో ఉద్యోగం. ప్రాణేశ్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

“ఇంటికి పో పాపా,” అన్నాడు. “మంగళవారం సంఘం కూర్చుంటాది. అప్పుడు రా. మీ నాయన్ని కూడా పిల్చుకోని రా.”

వంటింటి గడపలో కూర్చుని ప్రాణేశ్ భార్య వత్సల ఇదంతా చూసింది. ఆమె ముందు నానిన అవరె చిక్కుడు గింజల గిన్నె ఉంది. గింజను రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే పప్పు బయటికి దూకుతుంది, తొక్క చేతిలో మిగులుతుంది. నేత్రావతి చెప్పులు వేసుకుంటూ ఒకసారి ఆమె వైపు చూసింది. వత్సల నోటి దాకా ఒక మాట వచ్చింది. వేళ్ళు ఇంకో గింజను నొక్కాయి. మాట బయటికి రాలేదు. గేటు మూసుకున్న చప్పుడైంది.

ముప్పై ఏళ్ళు బడిలో పిల్లల తగవులు తీర్చిన మనిషి వత్సల. ఎవరు కొట్టారో, ఎవరు కొట్టించుకున్నారో ముఖాలు చూసి చెప్పేది. ఇవాళ ఆమెకు కోపం రాలేదు, జాలీ కలగలేదు. చల్లనీళ్ళలో ఎక్కువసేపు ఉంచిన చెయ్యిలా లోపలంతా మొద్దుబారి ఉంది.

ఆదివారం పొద్దున శశికుమార్ వచ్చాడు. రాబర్ట్‌సన్‌పేట బజారులో కంప్యూటర్ల షాపు వాడిది. దారి పొడుగునా ఇళ్ళ ముందు క్రిస్మస్ నక్షత్రాలు కట్టి ఉన్నాయి. వాడి బండి హ్యాండిల్‌కు కూడా ఎవరో ఒక చిన్న నక్షత్రం తగిలించారు.

ప్లగ్గు దగ్గర వంగి, బిళ్ళను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “మీరే తీయండి సార్. మా నాయన గూడా అండర్‌గ్రౌండోడే. దాన్ని ముడితే కల్లోకొచ్చి కొడతాడు.”

ప్రాణేశ్ ముళ్ళు విప్పాడు. ఇంటర్‌నెట్ తీగ పీకేసి శశికుమార్ మిషను ఆన్ చేశాడు. పావుగంట కీలు నొక్కాడు. ఆపైన పెదవి విరిచాడు.

“పోయినట్టే సార్. తాళమేసినోడి దగ్గరే తాళంచెవి ఉండాది. వాడడిగిన డబ్బు పంపినా ఇస్తాడని నమ్మకం లేదు. పంపద్దండి. బ్యాకప్ డిస్కును ఎప్పుడూ తగిలించే పెట్టినారు, అందుకే అదీ పోయింది. అవసరానికి తగిలించి, పనైనంక పీకేయాల.”

పొద్దున్నే వచ్చి కూర్చున్న మునివెంకటప్ప నుదురు కొట్టుకున్నాడు. “ఇంగ కొత్తగా ఏదో ఒకటి వెయ్యప్పా. గట్టిది.”

“మూడు దార్లుండాయి,” అంటూ శశికుమార్ కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. అమ్మేటప్పుడు వాడి గొంతు వేరు. “విండోస్‌తో వచ్చే వైరస్ కావలి ఒకటి. అప్‌డేట్లు ఆపకుండా వేస్తా ఉంటే ఇంటికి అది చాలు. రెండోది ఫ్రీది. అది మాటిమాటికీ ‘నన్ను కొను, నన్ను కొను’ అని అడుగుతాది. మూడోది డబ్బిచ్చేది. ఇట్ల ఫైళ్ళకు తాళాలేసేటోళ్ళను కనిపెట్టి ఆపేదానికి అందులో వేరే ఏర్పాటు ఉండాది. మీరు పోయినేడు నా దగ్గర కొనింది ఆ మూడోదే.”

“కొనింటే ఎందుకు ఆపలేదు?” అన్నాడు మునివెంకటప్ప.

“అదే నేనూ చూస్తా ఉండాను.”

వత్సల కాఫీ గ్లాసులు పెడుతూ అడిగింది. “కొత్తది యేదైనా సరే శశీ. దాన్ని ఆపితే ఎప్పుడు ఆపినారో చెప్పేది కావాల నాకు.”

ప్రాణేశ్ తల తిప్పి ఆమెను చూశాడు. శశికుమార్ నవ్వాడు. “అన్నీ చెప్తాయక్కా. ఇదీ చెప్తాది, చూడు.” తెర మీద ఒక జాబితా తెరిచాడు. వేలు కిందికి జరుపుతూ పోయి ఒకచోట ఆగాడు. వాడి నవ్వు కూడా అక్కడే ఆగిపోయింది. “యప్పా! పన్నెండో తేదీ, మంగళవారం. పొద్దున పదకొండు ఇరవై. ఆఫ్. అప్పట్నుంచీ ఆన్ చెయ్యనే లేదు. పదకొండు దినాలు ఇల్లు బార్లా తెరిచి పెట్టినారు మీరు.”

“ఎవురు చేసినారో చూడు,” అన్నాడు మునివెంకటప్ప.

“అది చెప్పదు పెద్దాయనా. టైము చెప్తాది. పాస్‌వర్డ్ తెలిసినోళ్ళే చేసినారు, అంతే.”

పాస్‌వర్డ్ రాసిన చీటీ తెర వెనకాలే అంటించి ఉంది. అందరికీ తెలుసు.

“పన్నెండో తేదీ ఆ పాప వచ్చిందా సార్?” అన్నాడు మునివెంకటప్ప.

ప్రాణేశ్ చేతిలో ఎర్ర బిళ్ళ ఉంది. తువ్వాలు కొనతో దాన్ని తుడుస్తున్నాడు. పుర్రె బొమ్మ మీద, అక్షరాల మీద, ఖాళీ గీత మీద. “వచ్చింది,” అన్నాడు.

ఆ ఒక్క మాట చాలింది. మునివెంకటప్ప చేతికర్ర నేలకేసి కొట్టాడు. “విన్నావా టీచరమ్మా? తలుపు తీసింది అదే, దొంగను పిలిచింది అదే. మంగళవారం తప్పు తనదేనని రాసిచ్చి సంతకం పెడితే సరి. లేదంటే పోలీసు కంప్లైంటే. మా అల్లుడు వేమగల్‌లోనే పనిచేస్తాడు. ఆ ఫ్యాక్టరీ గేటు కూడా దాటనియ్యను.”

అతను వెళ్ళాక శశికుమార్ కొత్త కావలి ఎక్కించడం మొదలుపెట్టాడు. “ఎవురి పేరు మీద రిజిస్టర్ చేసేదక్కా?”

ప్రాణేశ్ పెరట్లోకి వెళ్ళి ఉన్నాడు. వత్సల కాగితం ముక్క మీద భర్త పేరు రాసి బల్ల మీద ముందుకు జరిపింది.

“నోటితో చెప్పవా?” శశికుమార్ గట్టిగా నవ్వాడు. “కంప్యూటర్ వచ్చినా, మొబైల్ వచ్చినా మొగుడి పేరు మాత్రం కాగితం మీదే! బ్యాంకులో ఏం చేస్తావక్కా?”

“అక్కడా రాసే ఇస్తాను. పేరు పలికితే ఆయుష్షు తగ్గుతాదని మా అమ్మ చెప్పింది.”

“టీచరు పని చేసినావు, నువ్వు గూడా నమ్ముతావా?”

“నమ్మను,” అంది వత్సల. “పలకను, అంతే. ముప్పై ఎనిమిదేండ్లయింది.”

వాడు వెళ్ళిపోయాక ఖాళీ గ్లాసులు ఎత్తుకుని వంటింట్లోకి వచ్చింది. ఆమె నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాట ఇప్పుడు కళ్ళ ముందు నిలబడింది. పదకొండు రోజుల కిందట, ఇదే గడపలో కూర్చుని అవరెకాయలు ఒలుస్తుంటే నేత్రావతి గొంతు వినిపించింది. “సార్, ఈ మూల ఎర్ర గుర్తు వస్తా ఉండాది. వైరస్ గార్డు ఆఫ్‌లో ఉండాదంట. ఆన్ చేసేదా?” దానికి ప్రాణేశ్ జవాబు కూడా వినిపించింది. “నువ్వు ఆపినావా? లేదు గదా? అయితే ముట్టొద్దు. తగిలించినోడే తీయాల.” నేత్రావతి నవ్వింది. “ఇదేమన్నా గనా సార్?” అంటూనే చెప్పినట్టు విన్నది.

ఆ పిల్ల ఆపలేదు. ఆన్ చేస్తానంటే వద్దన్నారు. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఈ ఇంట్లో ఇద్దరే. ఇద్దరూ నోరు మెదపలేదు.

సోమవారం లైన్లలో పండగ. ఎదురింటివాళ్ళు కేకు పళ్ళెం ఇచ్చి వెళ్ళారు. ప్రాణేశ్ కొందరు అర్జీదారుల దగ్గర పాత కాగితాలు దొరుకుతాయేమోనని ఇల్లిల్లూ తిరగడానికి వెళ్ళాడు. వత్సల బీరువాలో చేతిరాత జాబితాలేమైనా మిగిలాయేమోనని వెతుకుతోంది.

బట్టల కింద లాగ్‌బుక్ దొరికింది.

అది ఎప్పుడూ బల్ల మీద ఉండే పుస్తకం. ఆయన గని వదిలినా షిఫ్టు పుస్తకం రాయడం వదల్లేదు. తేదీ, సమయం, ఏ స్విచ్చి, ఎందుకు, ఆపినవాడు, మళ్ళీ వేసినవాడు. స్కేలు పెట్టి గీసిన ఆరు గడులు. నీళ్ళ మోటారు ఆరూ పదికి ఆన్, ఆరూ ముప్పై ఐదుకు ఆఫ్. వరండా బల్బు మార్చడానికి మెయిన్ ఆఫ్, నాలుగు నిమిషాల తరవాత ఆన్. కాఫీ పొడి అయిపోయిందన్న సంగతి తప్ప ఇంట్లో జరిగే ప్రతిదీ అందులో ఉంటుందని ఆమె ఆయన్ను వేళాకోళం చేసేది. అలాంటి పుస్తకం బట్టల కిందికి ఎలా చేరింది?

ఆమె పేజీలు తిప్పింది. 12-12. మంగళ. 11.20. వైరస్ గార్డు. ప్రింటర్ పని, శశి ఫోను. ఆపినవాడు: ప్రా.

మళ్ళీ వేసినవాడు అన్న గడి ఖాళీగా ఉంది.

వత్సల పుస్తకం మూసింది. గుండె దడదడ కొట్టుకుంటుందేమోనని ఒక క్షణం ఎదురుచూసింది. కొట్టుకోలేదు. ఉతకాల్సిన బట్టల్లోంచి శనివారం నాటి చొక్కా తీసింది. జేబులో నాలుగు మడతల కాగితం. దాన్ని బల్ల మీద పరిచి, ఇస్త్రీ పెట్టె వేడి చేసి, పైన పలచటి గుడ్డ వేసి మడతలు పోయేదాకా మెల్లగా రుద్దింది.

మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి లాగ్‌బుక్ ఆయన కంచం పక్కన ఉంది.

ప్రాణేశ్ దాన్ని చూశాడు. కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆమె రాగిముద్ద పెట్టి పితికిన పప్పు పులుసు పోసింది.

“ఆ దినం ప్రింటర్ పనిచెయ్యలేదు,” అన్నాడు ముద్దను పులుసులో అద్దుతూ. “శశి ఫోన్లో గార్డు ఆపమన్నాడు. సాయంత్రం వచ్చి మిగతాది చూస్తానన్నాడు. రాలేదు. మర్నాడు ప్రింటర్ దానంతట అదే పనిచేసింది. పని వాడిది. పనైందని వాడు చెప్పాల, అప్పుడు నేను ఆన్ చెయ్యాల. బిళ్ళ వాడిదే గానీ నాది కాదు.”

“వాడికి గుర్తు కూడా లేదండీ. దినానికి ఇరవై మందికి చెప్తాడు.”

“నేనేం జేసేది దానికి?”

“ఆ పాప ఆన్ చేసేదా అని అడిగింది గదా.”

ముద్ద తుంచుతున్న చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది.

“పుస్తకంలో మీ పేరు రాసుకున్నారు,” అంది ఆమె. “దాన్ని బట్టల కింద పెట్టినారు. బిళ్ళ మీది కాదంటే ఎందుకు పెట్టినారు?”

“ముప్పై ఒక్క ఏండ్లు, వత్సలా.” ఆయన ఆమె వైపు చూడలేదు. కంచం అంచు వైపు చూస్తూ అన్నాడు. “లైన్లో పోతా ఉంటే ఇప్పటికీ లేచి నిలబడతారు. ఆ పాపది చిన్న వయసు. ఈ పని పోతే ఇంకోటి దొరుకుతాది.”

“రేపు మీరే చెప్పండి.”

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. లాగ్‌బుక్ కంచం పక్కనే ఉండిపోయింది. ఈసారి దాన్ని దాచలేదు కూడా. భార్య దగ్గర ఉంటే దాచినట్టే అనుకున్నాడని వత్సలకు అర్థమైంది.

మంగళవారం పదింటికి వరండా నిండిపోయింది. మెట్ల మీద, గేటు బయట కూడా జనం. నలభై మంది పైమాటే. ముక్కాలి బల్ల వెనక మునివెంకటప్ప, ఆయన పక్కన సభలో మాటలు రాసే మినిట్స్ పుస్తకంతో హనుమప్ప. ఆ పక్క కుర్చీలో ప్రాణేశ్ ఇస్త్రీ చొక్కాతో నిటారుగా కూర్చున్నాడు. ఆయన వచ్చినప్పుడు అందరూ లేచి నిలబడ్డారు.

నేత్రావతి తండ్రి ఆవులప్ప వరండా కింద చెప్పులు విడిచి నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీది నుంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. పొద్దున పాలు పిండి వచ్చిన చేతులు. “సారూ, రైతు నాకొడుకును. మాకు ఈ కంప్యూటర్ సంగతి తెలీదు. పాప తప్పు చేసింటే కొట్టండి. చేయకుండా సంతకం పెట్టమంటే ఎట్ల సారూ?”

“చేసింది గాబట్టే పెట్టమనేది,” అన్నాడు మునివెంకటప్ప. “గార్డు ఆపినది పదకొండు ఇరవైకి. ఆ టైములో కుర్చీలో ఉండింది ఎవురు? నీ కూతురు.”

“నేను ఆపలేదు పెద్దాయనా,” అంది నేత్రావతి. “సార్‌ను అడగండి. సార్, మీరు చెప్పండి సార్. నేను ఆన్ చేసేదా అని అడిగినాను గదా?”

నలభై ముఖాలు ప్రాణేశ్ వైపు తిరిగాయి.

అప్పుడే వత్సల లోపలి నుంచి వచ్చి ముక్కాలి బల్ల మీద, సరిగ్గా ఆయన ముందు రెండు వస్తువులు పెట్టింది. లాగ్‌బుక్, దాని మీద మడతల్లేని అనుభవ పత్రం. పత్రం మీద ఒక పెన్ను. పెట్టి గుమ్మం పక్కకు జరిగింది.

ప్రాణేశ్ కళ్ళజోడు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. పత్రాన్ని పక్కకు జరిపి పుస్తకం తెరిచాడు. పేజీ వెతుక్కోనక్కర్లేకపోయింది. చూపుడు వేలు ఆ వరస మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి నడిచి ఖాళీ గడి దగ్గర ఆగింది. మునివెంకటప్ప దగ్గాడు.

వత్సల ఆ వేలినే చూస్తూ నిలబడింది. ఇప్పుడు చెప్తాడు. ఈ క్షణం చెప్తాడు.

ఆయన పుస్తకం మూశాడు.

“నాకు గుర్తు లేదు,” అన్నాడు.

నేత్రావతి ఏడవలేదు. కాసేపు ఆయన్నే చూసి, తండ్రి వైపు చూసి, మెట్టు ఎక్కి ముందుకు వచ్చింది. “యాడ పెట్టాల సంతకం?” అంది. హనుమప్ప రాసి ఉంచిన కాగితం తిప్పి చూపించాడు. ఆమె వంగి పెన్ను అందుకున్నది. ఆ పెన్ను అనుభవ పత్రం మీద వత్సల పెట్టిన పెన్నే.

“ఆగు పాపా,” అంది వత్సల.

బడి గంట తరవాత పిల్లలు ఆగినట్టు వరండా అంతా ఆగింది. వత్సల వచ్చి భర్త చేతి కింది నుంచి లాగ్‌బుక్ తీసుకుంది. ఆ చెయ్యి అడ్డుపడలేదు, సాయమూ చెయ్యలేదు. ఆమె పేజీ తెరిచి తరగతిలో పాఠం చదివినట్టు చదివింది.

“పన్నెండో తేదీ, పన్నెండో నెల. మంగళవారం. పదకొండు ఇరవై. వైరస్ గార్డు. ప్రింటర్ పని, శశి ఫోను. ఆపినవాడు, ప్రా. మళ్ళీ వేసినవాడు, ఎవురూ లేరు.” ఊపిరి తీసుకుంది. “మర్నాడు ఈ పాప ఆన్ చేస్తానని అడిగింది. ముట్టొద్దన్నారు. అడిగింది నేను విన్నాను, వద్దన్నదీ విన్నాను. శనివారం చెప్పాల్సింది. చెప్పలేదు.”

ఎవరికి అర్థం కావాలో వాళ్ళకు అర్థమైంది. చాలామంది నేల చూపులు చూశారు. గేటు దగ్గర ఒకరు లేచి వెళ్ళిపోయారు.

హనుమప్ప ఒక్కడికే తన పని తనకుంది. నలభై ఏళ్ళు గని టైమాఫీసులో హాజరు రాసిన మనిషి. పెన్ను మూత తీసి, మొదట రాసింది అడ్డంగా కొట్టేసి, తల ఎత్తకుండా అడిగాడు. “మినిట్స్‌లో ‘ప్రా’ అని రాస్తే కుదరదు టీచరమ్మా. పూర్తి పేరు కావాల. ఎవురు?”

“పుస్తకంలోంచి చూసి రాసుకోప్పా,” అని ఎవరో గొణిగారు. “ఆయమ్మను ఎందుకు అడిగేది, ఆయమ్మ పలకదు.”

“పుస్తకంలో పేరు లేదు. సభలో చెప్పిందే రాయాల.”

నేత్రావతి పెన్ను పట్టుకుని అలాగే నిలబడి ఉంది. బల్ల మీద ఒక పక్క ఆమె ఒప్పుకోలు కాగితం, ఇంకో పక్క అనుభవ పత్రం. వత్సల భర్త వైపు తిరిగింది. ఆయన తల ఎత్తి ఆమెను చూశాడు. రెండు రోజుల్లో అదే మొదటిసారి. ఆయన కళ్ళల్లో కోపం లేదు. షిఫ్టు ముందు హాజరు పిలిచేటప్పుడు వరసలో నిలబడ్డ మనిషిలా తన వంతు కోసం కాచుకుని ఉన్నాడు.

ఆమె నాలుక తడిపి చూసుకుంది. ఆ అక్షరాలు నోట్లో ఎలా పడతాయో ఆమెకు తెలియదు. భయం వేస్తుందనుకున్నది. వెయ్యలేదు.

“రాసుకోండి,” అంది. “ప్రాణేశ్.”